తాడుకు ఆ చివర

2012 సెప్టెంబర్, లండన్ పారాలింపిక్స్. మహిళల 400 మీటర్ల ఫైనల్ మొదలైంది. ట్రాక్ మీద ఎనిమిది లేన్లున్నాయి, పోటీలో ఉన్నది మాత్రం నలుగురు. ఒక్కొక్కరికి రెండేసి లేన్లు. ఒకటి తనకి, ఇంకొకటి పక్కన పరిగెత్తే గైడ్‌కి.

ఆ నలుగురిలో బ్రెజిల్ స్ప్రింటర్ తెరెజిన్యా గిల్యెర్మినా ఒకరు. కళ్లకి గంతలు. పక్కన గైడ్ గిల్యెర్మె శాంటానా. ఇద్దరి చేతుల మధ్య చిన్న తాడు. అప్పటికే అదే లండన్‌లో వీళ్లిద్దరూ కలిసి 200 మీటర్ల స్వర్ణం కొట్టేశారు. రెండో మెడల్ కూడా ఖాయమనే అందరూ అనుకుంటున్నారు.

పరుగు మధ్యలో శాంటానా తడబడి కింద పడిపోయాడు.

ఆమె పడలేదు. ఏం జరిగిందో కనిపించదు, తాడు ఆగిపోయిందని మాత్రమే తెలుస్తుంది. ఆ తర్వాత తెరెజిన్యా చేసిన పని ఆ క్రీడల్లో చాలామందికి గుర్తుండిపోయింది. ఆమె కూడా ట్రాక్ మీద అతని పక్కనే పడుకుండిపోయింది. వేల మంది చూస్తున్న స్టేడియంలో, మిగతా ముగ్గురూ ఫినిష్ లైన్ వైపు వెళ్లిపోతుంటే, వీళ్లిద్దరూ నేల మీద.

ఈ క్లిప్‌ని ఎమోషనల్ మ్యూజిక్ పెట్టి, కింద 'కన్నీళ్లు ఆగవు' అని రాసి రీల్‌గా వదిలితే లక్షల వ్యూస్ వస్తాయి. నాకు మాత్రం ఆ మ్యూజిక్ తీసేసి చూడాలనిపిస్తుంది. ఎందుకంటే అక్కడ జరిగింది సెంటిమెంట్ ఒక్కటే కాదు. గైడ్ లేకుండా ఆమె లేచి పరిగెత్తినా రూల్స్ ప్రకారం అది లెక్కలోకి రాదు. తన తప్పు ఇసుమంత లేకుండా, తన కాళ్లు బాగానే ఉండి, ఇంకొకరు పడిపోయినందుకు ఫైనల్ పోవడం... ఇలాంటి ఆట ఇంకొకటి ఉందా అని ఆలోచిస్తే వెంటనే తట్టదు. రిలేలో బ్యాటన్ జారిపోతుంది, నిజమే. కానీ అక్కడ నలుగురూ టీమ్, నలుగురి పేర్లూ బోర్డు మీదుంటాయి, నలుగురూ పోటీదారులే. ఇక్కడ గెలుపోటములు ఒకరి పేరు మీద, పరుగు ఇద్దరిది.

ఇంకాస్త లోపలికి వెళ్లేముందు ఈ క్లాసుల గోల ఏంటో చెప్పేస్తాను. పారా అథ్లెటిక్స్‌లో చూపు సమస్య ఉన్న రన్నర్లని మూడు గుంపులుగా పెడతారు. టీ11 అంటే చూపు దాదాపు లేనట్టే. వీళ్లకి గైడ్ తప్పనిసరి, గంతలూ తప్పనిసరి. కొందరికి కాస్త వెలుతురు తెలుస్తుంది, కొందరికి అదీ తెలియదు కాబట్టి అందరికీ కళ్లు మూసేసి లెక్క సమానం చేస్తారు. టీ12 వాళ్లకి కొంచెం చూపు ఉంటుంది, గైడ్ కావాలో వద్దో వాళ్లిష్టం. టీ13 వాళ్లు గైడ్ లేకుండా పరిగెత్తాలి. మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పారిస్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది టీ20లో. టీ20 అనగానే క్రికెట్ గుర్తొస్తే తప్పు మీది కాదు. ఇది మేధోపరమైన వైకల్యం ఉన్న రన్నర్ల క్లాస్, చూపుకి సంబంధం లేదు. ఇక్కడ 'టీ' అంటే ట్రాక్, అంతే.

తెరెజిన్యా మొదట్లో టీ12. తర్వాత టీ11. ఆ నంబర్ మారడం వెనక ఒక జబ్బుంది. దాని పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి వెనక ఉండే రెటీనా కణాలు మెల్లమెల్లగా పాడైపోతూ వస్తాయి. సాధారణంగా ముందు రాత్రిపూట చూపు తగ్గుతుంది, తర్వాత పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, సొరంగంలోంచి చూస్తున్నట్టు. వంశపారంపర్యంగా వస్తుంది. ఆమె 1978లో బ్రెజిల్‌లోని మీనాస్ జెరాయిస్ రాష్ట్రంలో బెచిం అనే ఊళ్లో పుట్టింది. ఇంటినిండా పిల్లలే, డజను దాకా. అందులో ఇంకొందరు తోబుట్టువులకీ అదే జబ్బు.

ఆమె పరుగులోకి వచ్చిన తీరు మాత్రం ఏ సినిమా రైటర్ రాసినా 'మరీ ఎక్కువైంది బాస్' అంటాం. వాళ్ల ఊళ్లో వికలాంగులకి క్రీడల శిక్షణ మొదలైంది. స్విమ్మింగ్ ఉంది, రన్నింగ్ ఉంది. ఈమెకి రన్నింగే ఇష్టం. కానీ పేరిచ్చింది స్విమ్మింగ్‌కి. కారణం? ఇంట్లో స్విమ్ సూట్ ఉంది, బూట్లు లేవు! ఆ తర్వాత అక్కచెల్లెళ్లలో ఒకరి బూట్లు దొరికాకే ట్రాక్ మీదకొచ్చింది. అప్పటికి ఆమెకి ఇరవై దాటాయి. పదిహేనేళ్లకే అకాడమీల్లో చేరిపోయే ఈ రోజుల్లో ఆ వయసులో మొదలుపెట్టి స్ప్రింటర్ కావడమంటే మామూలు విషయం కాదు.

2004 ఏథెన్స్‌లో 800 మీటర్ల కాంస్యంతో మొదటి పారాలింపిక్ మెడల్ వచ్చింది. అక్కడి నుంచి దూరం తగ్గింది, వేగం పెరిగింది. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల స్వర్ణం, 100లో రజతం, 400లో కాంస్యం. గంతల విషయంలోనూ ఆమెది ఒక స్టైల్. మిగతావాళ్లు నల్లటి మాస్క్‌తో వస్తుంటే ఈమె రంగురంగుల మాస్కులు వేసుకొచ్చేది. తను చూడలేని రంగులు మనకోసం.

ఇప్పుడు ఆ తాడు దగ్గరికి వద్దాం. అసలు కథంతా అక్కడే ఉంది.

ఒక పని చేయండి. తర్వాత ఎప్పుడైనా ఖాళీ గ్రౌండ్ దొరికినప్పుడు మీ ఫ్రెండ్‌ని పక్కన నిలబెట్టుకోండి. మీ కుడిచేయి, వాళ్ల ఎడమచేయి పక్కపక్కన వస్తాయి. ఆ రెండు చేతుల వేళ్లకి ఒక షూ లేస్ చుట్టుకోండి. ఇప్పుడు కళ్లు మూసుకుని మెల్లగా పరిగెత్తండి. మెల్లగానే అంటున్నాను, పళ్లు రాలితే నాకు సంబంధం లేదు.

నాలుగడుగులకే ఒక విషయం అర్థమవుతుంది. కట్టిన చేతులు రెండూ కలిసి ముందుకి, కలిసి వెనక్కి ఊగాలి. లేకపోతే లాగుతుంది. పరుగులో కుడిచేయి ముందుకెళ్తే ఎడమకాలు ముందుకెళ్తుంది కదా. అంటే మీ ఎడమకాలు పడే క్షణంలో అవతలివాళ్ల కుడికాలు పడాలి. ఇద్దరూ ఒకేలా పరిగెత్తడం కాదు, ఒకరు అద్దంలో ఇంకొకరి బొమ్మలా పరిగెత్తాలి. బయటి కాళ్లు ఒకసారి, లోపలి కాళ్లు ఒకసారి. స్కూల్లో ఆడిన మూడుకాళ్ల పరుగు గుర్తుందా? అదే సూత్రం. కాకపోతే ఇక్కడ వంద మీటర్లు పన్నెండు సెకన్లలో అయిపోవాలి.

అంత వేగంలో ఒక అడుగు అటూ ఇటూ అయితే చాలు, చెయ్యి గుంజుకుంటుంది. చెయ్యి గుంజుకుంటే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అడుగు పొట్టిదవుతుంది. ఇదంతా జరగడానికి సెకనులో చిన్న ముక్క చాలు. మెడల్ పోవడానికి అంతకన్నా చిన్న ముక్క చాలు.

గైడ్ సాధారణంగా పొడవైన మగవాడై ఉంటాడు. అతని అడుగు సహజంగానే పెద్దది. ఆ అడుగుని కుదించుకుని, ఆమె అడుగుకి సరిపోయేలా మార్చుకుని, ఆ పొట్టి అడుగుతోనే ఫుల్ స్పీడ్ చూపించాలి. మూలమలుపు రాబోతోందని చెప్పాలి. మలుపులో ఎంత వంగాలో, ఎప్పుడు నిటారుగా రావాలో చెప్పాలి. లైన్ దగ్గర పడిందని చెప్పాలి. ఇవన్నీ ఊపిరి బిగబట్టి స్ప్రింట్ చేస్తూ! మనం బస్సు కోసం యాభై మీటర్లు పరిగెత్తితే కండక్టర్‌కి ఊరి పేరు చెప్పడానికి కూడా గొంతు రాదు.

అందుకే గైడ్ తన రన్నర్ కన్నా బాగా వేగంగా ఉండాలి. కొంచెం వేగం చాలదు. అమెరికాకి చెందిన డేవిడ్ బ్రౌన్ విషయం చూడండి. పూర్తిగా చూపులేనివాళ్లలో వంద మీటర్లని 11 సెకన్లలోపు పరిగెత్తిన మొదటి వ్యక్తి అతనే, 2014లో 10.92 సెకన్లు. మరి అతని పక్కన ఎవరు పరిగెత్తాలి? 10.92ని మాట్లాడుతూ, పక్కవాడి అడుగు చూసుకుంటూ, హాయిగా పరిగెత్తేవాడు. జెరోమ్ ఎవరీ అనే గైడ్ ఆ పని చేశాడు. సొంతంగా ఒలింపిక్ జట్టులో చోటు కోసం ట్రయల్స్ పరిగెత్తిన స్ప్రింటర్ అతను. తన కెరీర్‌లో ముఖ్యమైన సంవత్సరాలు ఇంకొకరి పక్క లేన్‌లో గడిపాడు. 2016 రియోలో ఇద్దరూ కలిసి స్వర్ణం గెలిచారు.

గైడ్‌కి మరో కష్టం ఉంది. ఇంత వేగం ఉండీ చివర్లో ఓడిపోవాలి. రూల్ ప్రకారం రన్నర్ ఛాతీ లైన్ దాటాకే గైడ్ దాటాలి. గైడ్ ముందు దాటితే డిస్‌క్వాలిఫై. లాగకూడదు, తోయకూడదు. చిన్నప్పటి నుంచి 'లైన్ దగ్గర ఛాతీ ముందుకి పెట్టు' అని నేర్పించిన శరీరాన్ని సరిగ్గా ఆ లైన్ దగ్గరే వెనక్కి పట్టుకోవాలి. నన్నడిగితే ఈ మొత్తం ఆటలో అన్నిటికన్నా కష్టమైన అడుగు అదే.

లండన్‌కి తిరిగొద్దాం. 400 ఫైనల్ పోయిన మర్నాడు తెరెజిన్యాకి 100 మీటర్ల ఫైనల్ ఉంది. గైడ్ అదే శాంటానా. నిన్న పడిపోయిన మనిషి చేతికి ఈ రోజు మళ్లీ తాడు కట్టాలి. కళ్లున్న మనమే ఒకసారి యాక్సిడెంట్ చేసిన ఫ్రెండ్ బైక్ ఎక్కాలంటే 'నేను క్యాబ్‌లో వస్తాలే' అంటాం.

గన్ పేలింది. 12.01 సెకన్లు. స్వర్ణం, దాంతో పాటు ప్రపంచ రికార్డు. పోడియం మీద మూడు మెట్లూ బ్రెజిల్‌వే. రజతం జెరూజా జెబర్, కాంస్యం జూలియా కరోల్. జెరూజా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంకో విషయం. ఆ లండన్ నుంచే పారాలింపిక్స్‌లో గైడ్ రన్నర్ల మెడలో కూడా మెడల్ వేయడం మొదలైంది. అంతకుముందు వందలసార్లు వందల మంది గైడ్లు సరిగ్గా ఇదే పరుగు పరిగెత్తి, పోడియం దగ్గర పక్కకి జరిగి నిలబడ్డారన్నమాట. ఇంత ఆలస్యం ఎందుకైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తెరెజిన్యా తాడు పట్టుకున్న గైడ్లలో ఒకాయన మీకు బాగా తెలుసు. ఉసేన్ బోల్ట్! నిజంగానే. 2015 ఏప్రిల్‌లో ఒక ప్రదర్శన పరుగు కోసం రియో వెళ్లినప్పుడు బోల్ట్ ఆమెకి గైడ్‌గా సరదాగా కొద్ది దూరం పరిగెత్తాడు. లెక్క చూడండి. అతని వంద మీటర్ల రికార్డు 9.58, ఆమెది 12.01. మధ్య రెండున్నర సెకన్లకి దగ్గరగా తేడా. వంద మీటర్ల పరుగులో అది ఇరవై మీటర్ల దూరం. ప్రపంచంలో అందరికన్నా వేగంగా పరిగెత్తే మనిషి, జీవితంలో ఎప్పుడూ ఎవరికోసమూ ఆగనివాడు, ఆ రోజు పొడవాటి కాళ్లని కుదించుకుని పక్కనున్న చిన్న మనిషి అడుగు వెతుక్కుంటూ పరిగెత్తాడు. ఫొటోల్లో ఆమె నవ్వు చూడాలి. బోల్ట్ మాత్రం చేతిలో గాజుగ్లాసు పట్టుకున్నవాడిలా జాగ్రత్తగా ఉన్నాడు. వేగం ఒక్కటే చాలదని అర్థం కావడానికి ఇంతకన్నా మంచి డెమో ఉండదు.

ఆ మరుసటి ఏడాది అదే రియోలో పారాలింపిక్స్. సొంత దేశం, సొంత జనం. గైడ్ మాత్రం మారాడు. 100 మీటర్ల ఫైనల్‌లో తెరెజిన్యా డిస్‌క్వాలిఫై అయింది. గైడ్ సాయం హద్దు దాటిందన్నది అభ్యంతరం. నాలుగేళ్ల కిందట గైడ్ పడిపోయి పోయిన ఫైనల్ ఒకటి, ఇప్పుడు గైడ్ ఎక్కువ చేశాడని పోయిన ఫైనల్ ఒకటి. రెండు సార్లూ కాళ్లు ఆమెవే, తీర్పు తాడుది.

ఆ ఫైనల్ గెలిచిన బ్రిటన్ రన్నర్ లిబ్బీ క్లెగ్ కథ ఇంకా చిత్రం. సెమీస్‌లో ఆమెనీ ఇదే కారణంతో, గైడ్ లాగాడని, బయటికి పంపేశారు. అప్పీల్ చేశారు. తీర్పు మార్చి మళ్లీ లోపలికి తీసుకున్నారు. ఫైనల్‌లో 11.96తో స్వర్ణం. అంటే ఒకే పోటీలో ఒకే రూల్ ఒకరిని బయటికి పంపి మళ్లీ పిలిచింది, ఇంకొకరిని పంపి పిలవలేదు. పక్షపాతం అనడం లేదు. పన్నెండు సెకన్ల పరుగులో చెయ్యి 'ఊగిందా', 'లాగిందా' అని వీడియో చూసి తేల్చడం ఎంత కష్టమో చెప్తున్నాను. క్రికెట్‌లో అల్ట్రాఎడ్జ్ పెట్టి కూడా మనం రోజూ కొట్టుకుంటూనే ఉన్నాం కదా.

తాడు మీద ఇప్పుడు రూల్స్ బాగా బిగించారు. సాగే గుడ్డతో చేసింది కుదరదు. రెండు చివరల మధ్య 30 సెంటీమీటర్లు దాటకూడదు, మన స్కూల్ స్కేలంత. సాగితే అది రబ్బరుబ్యాండులా ముందుకి లాగుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. రూల్ సబబే. కానీ రూల్ ఎంత బిగిస్తే దాని అంచు అంత కోస్తుంది. టోక్యో పారాలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్‌లో బ్రెజిల్ రన్నర్ ఒకరికి పరుగులోనే తాడు తెగిపోయింది. వదల్లేదు, తెగిపోయింది! ఫలితం డిస్‌క్వాలిఫికేషన్. ఆ రన్నర్ ఎవరో తెలుసా? మనం గుర్తుపెట్టుకున్న జెరూజా.

పారిస్‌లో ఇంకో దారుణం. ఇది స్ప్రింట్ కాదు, మారథాన్. కానీ తాడు అదే. స్పెయిన్‌కి చెందిన ఎలెనా కొంగోస్త్ మూడో స్థానంలో వస్తోంది. వెనకున్నామెకి మూడు నిమిషాల పైనే దూరం. ఫినిష్ లైన్ రెండు మూడడుగుల్లో ఉంది. అప్పుడు గైడ్‌కి కండరాలు పట్టేసి కూలిపోబోయాడు. ఎలెనా ఒక్క క్షణం తాడు వదిలి అతన్ని పట్టుకుంది. మళ్లీ తాడు అందుకుని ఇద్దరూ లైన్ దాటారు. తాడు వదిలినందుకు కాంస్యం తీసేశారు. రూల్ రూలే అంటారా? సరే. పరుగు మధ్యలో తాడు వదిలితే లాభం ఉండొచ్చు, ఒప్పుకుంటాను. లైన్ ముందు, ఆగిపోయి, పడిపోతున్న మనిషిని పట్టుకోవడంలో ఎవరికి ఏ లాభం? ఆ రూల్ దేన్ని ఆపడానికి పుట్టిందో అది అక్కడ జరగనే లేదు. ఈ విషయంలో నేను ఎలెనా వైపే.

అదే పారిస్‌లో మీలో చాలామంది ఫోన్లలో తిరిగిన వీడియో ఇంకొకటుంది. కేప్ వెర్దె దేశపు రన్నర్ కేఉలా సెమెదో 200 మీటర్ల హీట్‌లో చివర వచ్చింది, ఇంటికి వెళ్లిపోవాల్సిందే. అంతలో గైడ్ ట్రాక్ మీదే మోకాళ్ల మీద కూర్చుని ఉంగరం తీశాడు. ఆమె ఒప్పుకుంది. ఆ వీడియోకి ఎన్ని హార్ట్‌లు పడ్డాయో! అదే రోజుల్లో మన అమ్మాయి పరిగెత్తిన 200 మీటర్ల ఫైనల్ ఎంతమంది చూశారు?

సిమ్రన్ శర్మ గురించే చెప్తున్నాను. ఉత్తరప్రదేశ్ మోదీనగర్ అమ్మాయి. నెలలు నిండకుండా పుట్టింది, ఇంక్యుబేటర్లో పెట్టి బతికించారు, చూపు మాత్రం సరిగా రాలేదు. భర్త గజేంద్ర సింగ్ సైన్యంలో పనిచేస్తూ ఆమెకి కోచ్ అయ్యాడు. టోక్యోలో ఆమె టీ13 వంద మీటర్లు పరిగెత్తింది. అంటే గైడ్ లేడు. ఫైనల్ చేరలేదు. తర్వాత టీ12కి వచ్చింది, అభయ్ సింగ్ గైడ్ అయ్యాడు. 2024 మేలో కోబె ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 200 మీటర్ల స్వర్ణం. సెప్టెంబర్‌లో పారిస్‌లో వంద మీటర్లలో నాలుగో స్థానం, ఇక్కడ నాలుగంటే ఫైనల్‌లో ఆఖరు. తర్వాత 200లో 24.75 సెకన్లతో కాంస్యం.

టోక్యోకీ పారిస్‌కీ మధ్య మూడేళ్లలో ఆమె చేసిన కష్టం ఉంది, కోచింగ్ ఉంది, క్లాస్ మారడం ఉంది. తేడా అంతా గైడ్ వల్లే అనడం తప్పు. కానీ పక్కన ఒక మనిషి చేరాడన్నదీ నిజం. మన పక్క రాష్ట్రం కర్ణాటక నుంచి రక్షిత రాజు కూడా అంతే. పూర్తిగా చూపులేని వాళ్ల 1500 మీటర్లలో ఆసియా పారా క్రీడల స్వర్ణం రెండుసార్లు తెచ్చింది. ప్రతి ల్యాప్‌లోనూ పక్కన ఇంకొకరి కాళ్లు ఉండాల్సిందే.

ఆ కాళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? నన్ను తొలిచే ప్రశ్న ఇదే. చూపులేని ఒక అమ్మాయి మన దగ్గర ఏదో జిల్లా హాస్టల్లో ఉందనుకోండి. ఆమెలో పన్నెండున్నర సెకన్ల వేగం దాగుందనుకోండి. అది బయటపడాలంటే రోజూ పొద్దున్నే ఆరింటికి గ్రౌండ్‌కి వచ్చి, పదకొండు సెకన్ల లోపు పరిగెత్తగలిగి, తన మెడల్ గురించి ఆలోచించని కుర్రాడు ఒకడు కావాలి. అతను జబ్బుపడితే ఇంకొకడు కావాలి. అతనికి ఉద్యోగం వచ్చి ఊరు మారితే? అద్దంలో బొమ్మలా అడుగు కలవడానికి పట్టిన నెలలన్నీ మళ్లీ మొదటికి. బూట్లు లేకపోతే అక్క దగ్గర తెచ్చుకోవచ్చు. గైడ్‌ని ఎవరి దగ్గర తెచ్చుకుంటారు?

ఇంకోవైపు చూస్తే అలాంటి కుర్రాళ్లు మనకి లేరా అంటే, ఉన్నారు. ప్రతి జిల్లా మీట్‌లోనూ పదకొండు సెకన్ల చుట్టుపక్కల పరిగెత్తి, స్టేట్ టీమ్‌కి కొద్దిలో తప్పిపోయే స్ప్రింటర్లు ఉంటారు. రెండు మూడేళ్లు ప్రయత్నించి, ఇంట్లో 'ఇంక చాల్లే, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవ్వు' అనగానే స్పైక్స్ అటకెక్కించేస్తారు. వాళ్లు వంద మీటర్లలో దేశానికి ఆడే అవకాశం తక్కువ. వేరొకరి పక్కన పరిగెత్తి పోడియం ఎక్కే అవకాశం మాత్రం ఉంది. ఈ మాట వాళ్లకి చెప్పే కోచ్‌లు ఎంతమంది? జీతం, కిట్, ప్రయాణ ఖర్చు గైడ్‌కి కూడా పక్కాగా ఉంటే ఎంతమంది ముందుకొస్తారు? 'సేవ చేస్తున్నావు నాయనా' అని భుజం తట్టి పంపేస్తే ఎవరూ రారు, రానక్కర్లేదు కూడా. గైడింగ్ సేవ కాదు. డోప్ పరీక్షలు గైడ్‌కీ వర్తిస్తాయి, రూల్ తప్పితే అతని వల్ల మెడల్ పోతుంది. సేవ చేసేవాళ్లకి ఇన్ని షరతులు ఎక్కడా ఉండవు. అది ఉద్యోగం, చాలా కష్టమైన ఉద్యోగం.

తెరెజిన్యా రియోలో ఆ దెబ్బ తిన్నాక కూడా 400 మీటర్ల కాంస్యం, రిలేలో రజతం తీసుకుంది. మొత్తం ఎనిమిది పారాలింపిక్ మెడల్స్, అందులో మూడు స్వర్ణాలు.

ఇక జెరూజా. లండన్‌లో తెరెజిన్యా పక్కన రెండో మెట్టు మీద నిలబడినామె, టోక్యోలో తాడు తెగినామె. 2024 పారిస్‌కి నలభై రెండేళ్లు వచ్చేశాయి. ఈసారి పక్కన గైడ్ గాబ్రియెల్ గార్సియా. ఆ వేసవిలోనే అదే నగరంలో బ్రెజిల్ తరఫున ఒలింపిక్స్ 4x100 రిలే పరిగెత్తిన స్ప్రింటర్ అతను. తనకోసం పరిగెత్తిన కొన్ని వారాలకే మళ్లీ అదే ట్రాక్ మీదకొచ్చి, ఈసారి అడుగు కుదించుకుని, తాడు చుట్టుకుని నిలబడ్డాడు. వంద మీటర్లు 11.83 సెకన్లు, స్వర్ణం. 200 మీటర్లు 24.51, ఇంకో స్వర్ణం. రెండు సార్లూ గార్సియా ఆమె వెనకే లైన్ దాటాడు.